ఆన్‌లో ఉన్నప్పుడు ముట్టుకోవద్దు

పెద్ద జబ్బు చేస్తే మనిషికి మంచితనం వస్తుందంటారు. పాత పగలు మరిచిపోతారట, అందరి మీదా ప్రేమ పుట్టుకొస్తుందట, పొద్దున్నే వచ్చే ఎండ కూడా కొత్తగా కనిపిస్తుందట. నాకు అలాంటిదేమీ జరగలేదు. నాకు కుళ్ళు వచ్చింది. జలుబు చేసినవాళ్ళని చూసి కుళ్ళుకున్నాను. తల దువ్వుకుంటూ చిక్కు పడిందని విసుక్కునే ఆడవాళ్ళని చూసి కుళ్ళుకున్నాను. వచ్చే ఏడాది ఇల్లు కట్టుకుంటామని ఎవరైనా అంటే, ఆ 'వచ్చే ఏడాది' అనే మాట అంత సులువుగా నోట్లోంచి ఎలా వస్తుందా అని ఒళ్ళు మండేది. అందరికన్నా ఎక్కువగా, నన్ను కన్నతల్లిలా చూసుకున్న నా చెల్లెల్ని చూసి కుళ్ళుకున్నాను.

ఇప్పుడు గండం కాస్త పక్కకి జరిగింది. పోయిందని అనను, డాక్టరమ్మ కూడా అనలేదు. "కదలకుండా ఉంది" అంటుంది ఆవిడ. నాకు అదే పదివేలు. నాలాగే తలకి మిషన్ తగిలించుకుని తిరిగేవాళ్ళూ, వాళ్ళని చూసుకునేవాళ్ళూ ఎవరైనా ఉంటే, వాళ్ళకి ఒక్క సంగతి చెప్పాలని ఇది రాస్తున్నాను. ఆ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. నేను ఎవర్నీ అడగలేదు కనుక చెప్పలేదు.

ముందు నేనెవరో చెప్పాలి. రాయగడలో రైలు పట్టాల మీద కరెంటు తీగలుంటాయి కదా, వాటిని బాగుచేసే డిపోలో పనిచేస్తాను. అది మా నాన్న చేసిన పని. నాన్న సర్వీసులో ఉండగానే గుండె ఆగి పోయాడు. సర్వీసులో పోయినవాళ్ళ ఇంట్లో ఒకరికి ఉద్యోగమిచ్చే పద్ధతి ఉంది కనుక, పెద్దదాన్నని నాన్న చోటు నాకొచ్చింది. చెల్లెలు కుమారి అప్పటికింకా బళ్ళో ఉంది. అది ఇప్పుడు కోరాపుట్‌లో అమ్మతో ఉంటూ కాఫీ గింజలు ఏరి కట్టే షెడ్డులో పనిచేస్తుంది. మా ఆయన ఈశ్వరరావు రాయగడ మునిసిపాలిటీలో నీళ్ళ పంపు నడుపుతాడు. మాకు ఒక్కతే కూతురు, లిఖిత, ఐదో తరగతి.

మా పనిలో రెండు నియమాలుంటాయి. తీగలో కరెంటు తీయించినా సరే, ఎర్త్ కడ్డీ తగిలించేదాకా అది బతికున్న తీగే అనుకోవాలి. పని చేసుకోవడానికి ఇచ్చే అనుమతిని పర్మిట్ అంటాం. ఆ పర్మిట్ ఎవరి పేరున తీసుకుంటే వాళ్ళే తిరిగివ్వాలి. మధ్యలో ఎంత పెద్ద సారు వచ్చి చెప్పినా ఇంకొకరు ఇవ్వకూడదు. ఈ రెండూ పాటించబట్టే నా చేతులూ కాళ్ళూ ఇంకా నాకున్నాయి. ఇవే నన్ను ముంచుతాయని నాకు తెలీదు.

మే నెల

లక్ష్మీపూర్ వైపు సెక్షన్‌లో నిచ్చెన మీదున్నాను. ఎడమ చేతిలో స్పానరుంది. ఉందనే అనుకున్నాను. కింద నిలబడ్డ మా డిపో మనిషి బిసోయి కాళ్ళ దగ్గర అది ఠంగుమని పడ్డాక గాని, నా చెయ్యి దాన్ని వదిలేసిందని నాకు తెలియలేదు. బిసోయి తిట్టలేదు. పైకి చూసి, "దీదీ, ఓహ్లాయి ఆసొ" అన్నాడు, దిగి రమ్మని. ఆ గొంతులో ఏదో ఉంది. ఒక్కో మెట్టూ దిగుతుంటే అతను నిచ్చెనని కాకుండా నా మడమల్ని పట్టుకున్నాడు.

ఆ వారంలోనే ఇంట్లో మూర్ఛ వచ్చి పడ్డాను. విశాఖ తీసుకెళ్ళారు. తలలో కణితి అన్నారు, ఆపరేషన్ అన్నారు, తర్వాత రేడియేషన్ అన్నారు. దాని పేరు డాక్టరమ్మ చెప్పింది. ఆ పేరు రాయడం నాకిష్టం లేదు, దానికంత మర్యాద అక్కర్లేదు.

కేన్సరు ఆసుపత్రి వరండాలో కుళ్ళుకోవడానికి కొరతుండదు. ముందు నేను ఇడ్లీ తింటున్న తోడువాళ్ళని చూసి కుళ్ళుకునేదాన్ని. తర్వాత తోటి రోగుల మీద పడ్డాను. రొమ్ములో వచ్చినామెని చూసి, ఈమెకి కోసి తీసేయడానికి ఒక చోటుంది, తల ఎవరు తీస్తారు అనుకున్నాను. ఎంత పాపిష్టి ఆలోచనో నాకు తెలుసు. వచ్చిన ఆలోచనని రాలేదని రాయలేను కదా. ఆవిడే నా కాళ్ళు చల్లబడ్డాయని తన శాలువా తీసి కప్పింది. ఆ శాలువా కింద పడుకునే ఆమె మీద కుళ్ళుకున్నాను.

కుమారి షెడ్డులో సెలవు చెప్పి వచ్చేసింది. వచ్చిన రోజు దాని జడలో కనకాంబరాలున్నాయి. నా తల అప్పటికే గుండు, మీద కుట్లు. నేను ఆ పూల వంక చూడటం అది చూసింది కాబోలు, మర్నాటి నుంచి పూలు మానేసింది. అదీ నాకు నచ్చలేదు. నా మీద జాలిపడి పూలు మానేసే స్థితి దానిది, ఆ జాలి అందుకునే స్థితి నాది. అత్త కొట్టినందుకు కాదు, తోటికోడలు నవ్వినందుకు ఏడ్చిందని మనవాళ్ళు ఊరికే అనలేదు. కణితి వచ్చినందుకు కన్నా, నా కడుపునే పుట్టిందన్నట్టు నేను చూసుకున్న పిల్ల రాయిలా ఆరోగ్యంగా ఉన్నందుకే నాకు ఎక్కువ ఏడుపొచ్చేది.

ఆగస్టు

రేడియేషన్ అయ్యాక డాక్టరమ్మ మమ్మల్ని కూర్చోబెట్టి ఒక కొత్త మిషన్ గురించి చెప్పింది. కొందరికి ఇచ్చి చూస్తున్నారట, అందులో నా పేరూ చేర్చారట.

"మామూలు కణాలు చాలావరకు తమ పని తాము చేసుకుంటూ ఊరుకుంటాయమ్మా. కేన్సరు కణాలు అదేపనిగా రెండుగా చీలుతూ ఉంటాయి. చీలే ముందు వాటి లోపలి సరుకంతా ఒక వరసలో నిలబడాలి. మనం తల మీంచి అటూ ఇటూ దిశ మార్చుకునే సన్నటి కరెంటు పంపిస్తే ఆ వరస చెదిరిపోతుంది. చీలలేక చచ్చిపోతాయి, లేదా నెమ్మదిస్తాయి."

భోజనాల పంక్తిలో వడ్డన మొదలవగానే విస్తళ్ళు లాగేసినట్టన్నమాట అనుకున్నాను. ఆ కణితి మొహం ఎలా పెడుతుందో ఊహించుకుంటే జబ్బు వచ్చాక మొదటిసారి నవ్వొచ్చింది. ఇన్నేళ్ళూ కరెంటు ఒంటికి తగలకుండా బతకడమే నా ఉద్యోగం. ఇప్పుడు దాన్నే నెత్తిన పెట్టుకుని బతకాలి.

తెల్లటి పట్టీలు, ఒక్కోదాని మీద బొత్తాల్లాంటి బిళ్ళలు. గుండు మీద ముందు, వెనక, రెండు పక్కలా అంటిస్తారు. వాటి తీగలన్నీ ఒకటిగా అల్లుకుని భుజానికి వేలాడే సంచిలోకి వెళతాయి. సంచిలో మిషనూ బ్యాటరీ. స్నానానికీ, పట్టీలు మార్చడానికీ తప్ప తీయకూడదు. ఎంత ఎక్కువసేపు ఉంచుకుంటే అంత మంచిది. ఆన్ చేయగానే నెత్తి మీద నులివెచ్చగా ఉంది, అంతే. చుర్రుమనలేదు.

"దీనికి ఎర్తు ఎక్కడ డాక్టరమ్మా?" అని అడిగాను.

"దీనికి అది అక్కర్లేదమ్మా" అని ఆవిడ వేరే సంగతికి వెళ్ళిపోయింది.

ఎర్తు లేదు. ఆ మాట నా చెవిలో పడగానే మిగతావేవీ పడలేదు. ఎర్తు లేనిది బతికున్న తీగ. ఇంటికి రాగానే అందర్నీ పిలిచి చెప్పేశాను.

"ఇది ఆన్‌లో ఉన్నంతసేపూ నన్నెవరూ ముట్టుకోకండి. తల మీదే కాదు, సెయ్యి కూడా పట్టుకోకండి."

కరెంటు విషయంలో మా ఇంట్లో నా మాటే వేదం. మా ఆయన తలూపాడు. లిఖిత అట్టముక్క మీద ఎర్రటి స్కెచ్ పెన్నుతో, బళ్ళో నేర్చుకున్న ఒడియా అక్షరాల్లో, 'ఆన్‌లో ఉన్నప్పుడు ముట్టుకోవద్దు' అని రాసి నా మంచం తలాపున అంటించింది. కింద ఒక పుర్రె బొమ్మ కూడా వేసింది. ఎంత బాగా వేశావే అని మెచ్చుకున్నాను.

పట్టీలు మార్చే పని ఎవరిదన్నది తర్వాతి ప్రశ్న. వెనక వైపు నాకు కనబడదు. మా ఆయన వేళ్ళు పంపు చక్రాలు తిప్పి తిప్పి గరుకెక్కాయి, లేత చర్మం గీరుకుపోతుంది. అందుకని పర్మిట్ కుమారి పేరున ఇచ్చాను. అది తీస్తే అదే పెట్టాలి, ఇంకొకరు చెయ్యి పెట్టకూడదు.

కుమారి నవ్వింది. నన్ను అక్కా అనదు, మావైపు పిలిచినట్టు అప్పా అంటుంది. "అప్పా, మంచాన పడ్డా నువ్వు డిపో ఒగ్గవు కదే" అంది.

అక్టోబరు

పని చేస్తోందో లేదో కంటికి కనబడని వైద్యం ఇది. కనబడేదల్లా ఇల్లే. మంచం మీంచి నా ఇంటిని చూస్తూ ఉండేదాన్ని, ఎవరో అద్దెకి దిగినట్టు ఉండేది. పోపు డబ్బా చోటు మారింది. తలుపు గొళ్ళెం కిర్రుమనడం మానేసింది, కుమారి నూనె వేసిందట. ఇన్నేళ్ళలో నాకు తోచలేదు. పొద్దున్నే గుమ్మంలో కూర్చుని అది లిఖితకి రెండు జడలు వేసేది. పిల్ల కబుర్లన్నీ దానికే చెప్పేది. బళ్ళో ఎవరు ఎవరితో మాటలు మానేశారో నాకు గోడ ఇవతల నుంచి తెలిసేది. సాయంత్రం వచ్చాక గుమ్మం దగ్గరే ఆగి, "అమ్మా, ఆన్‌లో ఉందా?" అని అడిగేది. ఉందంటే చెయ్యి ఊపి వెళ్ళిపోయేది. నేను చెప్పినట్టే చేసేది, పాపం.

ఒకరోజు మా ఆయన చేపల పులుసుతో అన్నం కలుపుకుని కంచం వేలితో తుడిచి మరీ నాకాడు.

"నేను వండినప్పుడు ఎప్పుడైనా అలగ నాకేవా?" అన్నాను.

"నీ పులుసులో సింతపండు ఎక్కువే" అన్నాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళకి చెప్పాడు, అదీ నేను ఈ మంచం మీద ఉండగా.

దసరాకి అమ్మ కోరాపుట్ నుంచి వచ్చింది. నా మంచం పక్కన చాప వేసుకుని అలసంద కాయలు ఒలుస్తూ, నా వంక చూడకుండా మొదలెట్టింది.

"బెంగెట్టుకోకు తల్లీ. ఏ తల్లికీ కడుపుకోత రాకూడదు. ఒకేళ ఏదన్నా అయినా, మన లిఖిత గుంటకేటీ లోటు రాదు. సిన్నమ్మి ఉన్నాది కదా. పిన్నమ్మ కన్నా ఎవుళ్ళు సూస్తారు? అల్లుడూ మంచోడే."

నాకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక చెవుల్లో మిషన్ హోరు తప్ప ఏమీ వినబడలేదు.

"ఏటి నువ్వనేది?"

"ఏటుంది? నాన్న సోటు నీకు రానేదా? అలగే." కాయ విరిచి గింజలు గిన్నెలోకి రాల్చింది. "ఉన్నోళ్ళు బతకాల కదా."

మా అమ్మ చెడ్డది కాదు. రైల్వే పింఛను మీద ఇల్లు నడిపిన మనిషి. పోయినవాళ్ళ చోటు ఉన్నవాళ్ళకి రావడమే ఆవిడ చూసిన న్యాయం. ఆ న్యాయం ప్రకారమే నేను అన్నం తింటున్నాను కూడా. అయినా మనిషి నిచ్చెన మీదుండగా తీగలో కరెంటు వదలమని ఎవరైనా అడుగుతారా?

"నేనింకా నిచ్చెన దిగనేదు అమ్మా" అన్నాను.

"ఏ నిచ్చెనే?" అంది అమ్మ. మందుల మహిమ అనుకుని నా నుదురు చూడబోయి, అట్ట మీద పుర్రె కనబడి చెయ్యి వెనక్కి తీసుకుంది.

ఆ రోజు నుంచి నా చెల్లెలు నాకు చెల్లెల్లా కనబడలేదు. బతికుండగానే నా ఇంట్లో సవతి తిరుగుతున్నట్టుంది. అది నవ్వితే ఎందుకు నవ్విందా అని, మా ఆయన దాన్ని నీళ్ళడిగితే నన్నెందుకు అడగలేదా అని, లేవలేని నన్ను నీళ్ళు ఎలా అడుగుతాడన్నది కూడా తోచకుండా, రోజంతా లెక్కలు కట్టేదాన్ని. నా నెత్తి మీద పట్టీ అంటించేటప్పుడు దాని జడ నా భుజం మీదకి జారేది. కొరికి పారేద్దామనిపించేది.

డిసెంబరు

కుమారి ఒకరోజు పొద్దున్నే, "కోరాపుట్ ఎల్లొస్తాను అప్పా, షెడ్డోళ్ళు పిలిసేరు, పొద్దుగూకీసరికి వచ్చెత్తాను" అని బయల్దేరింది. మా ఆయన బండి మీద స్టేషన్‌కి దింపాడు. ఎదురు క్వార్టర్ సబిత తర్వాత పెరుగు తోడుకని వచ్చి, "మీ చెల్లి లక్ష్మీపూర్ టికెట్ తీసుకుందేం? మీ ఆయన, ఆమె టీ బడ్డీ దగ్గర చాలాసేపు మాట్లాడుకున్నారు" అని ఒడియాలో అనేసి, పెరుగుతో వెళ్ళిపోయింది.

లక్ష్మీపూర్‌లో మాకెవరూ లేరు.

కాసేపటికి వెనక పట్టీ అంచు లేచి మిషన్ కూతపెట్టింది. ఆపేశాను. మళ్ళీ అంటించుకుంటే సరిపోయేది. అద్దం పెట్టుకుని ప్రయత్నిస్తే వచ్చేదే. కాని పర్మిట్ కుమారి పేరున ఉంది. దాని పేరున ఉన్నది అదే వచ్చి పెట్టాలి. మా ఆయన వచ్చి నేను పెడతానన్నా పెట్టనివ్వలేదు. మిషన్ ఆపుకుని, పగలంతా గోడకి ఆనుకుని కూర్చున్నాను. నా తలలో ఆ దిక్కుమాలినవి తీరిగ్గా చీలుతుంటే చీలనీ అనుకున్నాను. కుళ్ళు మనిషిని ఎంత దూరం తీసుకెళుతుందో చూడండి.

దీపాలు పెట్టకముందే కుమారి వచ్చింది. కాళ్ళు కడుక్కుని తిన్నగా నా దగ్గరికే వచ్చింది.

"ఇదేటి, ఆపేసి ఉన్నాదేటి? ఎప్పట్నుంచి?"

"పర్మిట్ నీ పేరున ఉంది కదా."

అది చేతులు తుడుచుకుని, పాత పట్టీ నూనెతో తడిపి మెల్లగా లాగడం మొదలెట్టింది. నా తల దాని రెండు చేతుల మధ్యా ఉండగానే అడిగాను.

"లక్ష్మీపూర్ ఎందుకెల్లేవు?"

చేతులు ఆగాయి. మళ్ళీ కదిలాయి. "తల తిప్పకు. అంటు సరిగ్గా పడదు."

"అంత తొందరేటి మీ ఇద్దరికీ? నేను పోయేక ఎలాగూ సేసుకుంటారు కదా. అమ్మ సెప్పింది. అంతదాకా ఆగలేరా?"

"ఎవుళ్ళిద్దరికీ?"

"నీకూ మీ బావకీ."

వెనక నుంచి నవ్వో ఏడుపో తెలియనిది ఒకటి వచ్చింది. "నీ మొగుడు నాకెందుకే? పొద్దున్నే ఈదంతా లేసేలాగ దగ్గుతాడు. తడి తువ్వాలు మంచం మీదేత్తాడు. నేను పడనేను."

"ఆయన దగ్గు సంగతి నీకెందుకు?" అన్నాను. నిజంగా ఆ క్షణంలో నా కడుపు రగిలింది అందుకే. ఆ దగ్గు నాది.

కుమారి నా ముందుకొచ్చి కూర్చుంది. చేతిలో పట్టీ అలాగే ఉంది.

"లక్ష్మీపూర్‌ల ఇత్తనాల కొట్టాయన జగదీశు అని ఉన్నాడు. షెడ్డుకి వచ్చేవోడు. మేలోనే ఇంటికొచ్చి అడుగుదామనుకున్నాడు. మేలో నువ్వు పడిపోయేవు. ఇయ్యాల ఎల్లి, ఇంకా ఆగుతావా, ఆగనేకపోతే నీ దారి నువ్వు సూసుకో, నాను మా అప్పని ఒగ్గి రాను అని సెప్పొచ్చేను. ఆగుతానన్నాడు. బావకి తెలుసు. నీకు సెప్పొద్దని నానే అన్నాను."

"ఎందుకు?"

"నీ వల్లే నా పెళ్ళి ఆగిపోనాదని నువ్వు మరింత కుమిలిపోతావని." పట్టీని చేతిలో అటూ ఇటూ తిప్పింది. "అమ్మ ఆ మాట నాకూ సెప్పింది అప్పా. నాన్న పోతే ఆ సోట్లో నువ్వు కూకున్నావు. తప్పు నేదు. నాకు మాత్రం ఎవుళ్ళ సోటూ ఒద్దు. సచ్చిపోయినోళ్ళు ఖాళీ సేసిన సోటు అసలే ఒద్దు."

అది లేచి వెనక్కి వెళ్ళి పట్టీ అంటించి, బిళ్ళ బిళ్ళా వేలితో నొక్కి, మిషన్ ఆన్ చేసి, నియమం ప్రకారం రెండడుగులు వెనక్కి జరిగింది.

నేను మారిపోయానని రాయాలి ఇక్కడ. మారలేదు. మా ఆయన మీద అనుమానం పోయింది గాని, పడుకున్నాక నాకు తట్టిందేమిటంటే, లక్ష్మీపూర్‌లో ఒకడు కుమారి కోసం ఆగుతున్నాడు. దాని ముందు బోలెడు రోజులున్నాయి, ఆగమని ఒకరికి చెప్పేటన్ని. దానికీ కుళ్ళుకున్నాను.

జనవరి

స్కాన్‌కి విశాఖ వెళ్ళాం. బడికి సెలవులని లిఖితనీ తీసుకెళ్ళాం. వరండాలో మాకు ఎదురుగా మునిగుడ నుంచి వచ్చిన పెద్దాయన కూర్చున్నాడు. చింతపండు, కొండచీపుళ్ళ వ్యాపారమట. ఆయన గుండు మీదా నాలాంటి పట్టీలే, భుజాన నాలాంటి సంచే. మిషన్ మీద పచ్చ దీపం వెలుగుతోంది. ఆయన ఒళ్ళో ఓ మనవరాలు కూర్చుని, రెండు చేతులతో ఆ పట్టీల మీద డప్పు వాయిస్తోంది.

"ఏయ్ అమ్మీ! తియ్యి సెయ్యి! ఆన్‌లో ఉంది!" అని అరిచాను. వరండా అంతా నా వైపు తిరిగింది.

పెద్దాయన కంగారుపడలేదు. "ఉంటే ఏటమ్మా? ఈ గుంట పొద్దస్తమానం నా నెత్తి మీదే ఉంటాది. దీన్ని దింపితేనే నాకు తలనొప్పి" అన్నాడు.

లోపలికి వెళ్ళాక డాక్టరమ్మ స్కాన్ సంగతి చెప్పబోతుంటే ఆపాను. "ఆన్‌లో ఉండగా ముట్టుకోవచ్చా?" అని అడిగాను.

"ఎవరిని?"

"నన్ను. పాప నన్ను ముట్టుకోవచ్చా?"

ఆవిడ నా వంక వింతగా చూసింది. "ముట్టుకోవద్దని ఎవరన్నారమ్మా? పట్టీలు ఊడకుండా చూసుకుంటే చాలు. ఒళ్ళో కూర్చోబెట్టుకోండి, పక్కలో పడుకోబెట్టుకోండి. పాపకేమీ కాదు."

ఎవరన్నారు? ఎవరూ అనలేదు. ఏ డాక్టరూ, ఏ నర్సూ, ఏ కాగితమూ అనలేదు. నేనన్నాను. మా ఆయన నేల చూస్తున్నాడు. కుమారి నా భుజం మీద చెయ్యి వేయబోయి, అలవాటు కొద్దీ ఆగి, తర్వాత వేసింది. ఆగస్టు నుంచి ఆ చెయ్యి బరువెంతో నేను మరిచిపోయాను. కణితి కదల్లేదని, మిషన్ ఇలాగే కొనసాగించమని డాక్టరమ్మ చెప్పింది. అంత మంచి మాట విని కూడా, బయట ఆ ముసలాయన మీద కుళ్ళుతోనే ఏడ్చాను. ఆయన ఏ డిపోలోనూ పనిచేయలేదు. అందుకని మనవరాలు ఆయన ఒళ్ళో ఉంది.

నేను చెబుదామనుకున్న సంగతి ఇదే. మీకు ఏ పని వచ్చినా, ఆ పనిలో మీరెంత మొనగాళ్ళయినా, జబ్బు దగ్గర దాన్ని పక్కన పెట్టి అడగండి. వెర్రి ప్రశ్న అనిపించినా అడగండి.

వరండాలోకి వచ్చి లిఖితకి చేతులు చాచాను. "రా అమ్మీ, ఏటీ అవదట. డాక్టరమ్మ సెప్పింది."

అది నా మొహం చూడలేదు. సంచి మీది పచ్చ దీపం చూసింది. "ఆన్‌లో ఉంది కదా అమ్మా" అని కుమారి వెనక్కి వెళ్ళి నిలబడింది.

మార్చి

పిల్లకి భయం నేర్పడం ఒక్క మాటతో అయింది. తీయడం అవలేదు. మంచం తలాపున అట్ట చింపేశాను. మా ఆయన దాని ఎదురుగా నా చెయ్యి పట్టుకుని చూపించాడు. కుమారి నన్ను కావలించుకుని చూపించింది. అన్నీ చూసి తలూపేది, దగ్గరికి మాత్రం రాదు. స్నానానికి మిషన్ తీసినప్పుడు పరుగున వచ్చి ఒళ్ళో వాలిపోయేది. ఆన్ చేసే వేళకి దానంతటదే లేచి వెళ్ళేది. నా ప్రాణం నిలబెట్టే మిషన్ ఆఫ్‌లో ఉన్నంతసేపే నాకు కూతురు. పట్టీలు నెమ్మదిగా పెట్టవే అని కుమారిని బతిమాలిన రోజులున్నాయి.

ఈలోగా నేను ఒక మంచి పని చేశాను. మంచితనంతో కాదు, కుమారి నా ఇంట్లోంచి వెళ్ళాలని చేశాను. జగదీశ్‌కి నేనే ఫోన్ చేసి ముహూర్తం పెట్టించాను. అమ్మ గొణిగింది, నేను వినలేదు. మజ్జిగౌరమ్మ గుడి దగ్గర పెళ్ళి చేశాం. నేను నెత్తిన పట్టీలూ భుజాన సంచీతో పీటల పక్కన కూర్చున్నాను. పెళ్ళికూతురి కన్నా నన్నే ఎక్కువమంది చూశారు. అందుకు నాకు కాస్త సంతోషంగా ఉందని ఎందుకు దాచాలి?

మర్నాడు పొద్దున్నే వాళ్ళు లక్ష్మీపూర్ బయల్దేరారు. కారు మాట్లాడదామంటే అమ్మ, "రైలోళ్ళ గుంట రైల్లోనే ఎల్తాది" అంది. ప్లాట్‌ఫారం మీద కుమారి నాకు పట్టీలన్నీ ఇంకోసారి సరిచూసింది. పర్మిట్ తిరిగిచ్చేస్తున్నాను అంది. తీసుకున్నాను అన్నాను. అప్పుడే నాకు జగదీశ్ మీద కుళ్ళు మొదలైంది. వాడి సంచి మోస్తూ, వాడికి నీళ్ళ సీసా అందిస్తూ అది నిలబడి ఉంటే, నా చెల్లెల్ని తీసుకుపోవడానికి వీడెవడు అనిపించింది. ముహూర్తం పెట్టించింది నేనే.

రైలు వచ్చింది. లిఖిత అంతవరకు బాగానే ఉంది. కుమారి పెట్టెలోకి ఎక్కగానే ఒక్కసారి గొల్లుమని, "పిన్నీ, నేనూ వస్తాను" అంటూ తలుపు దగ్గరికి పరిగెత్తింది. మా ఆయన సామాన్లు ఎక్కిస్తూ లోపలున్నాడు. బండి కదలబోతోంది. పిల్ల కమ్మీ పట్టుకుని వేళ్ళాడుతోంది. కుమారి లోపల్నుంచి "ఒగ్గు అమ్మీ, ఒగ్గు" అంటూ ఏడుస్తోంది.

నేను వెళ్ళి దాని మణికట్టు పట్టుకున్నాను. బలం లేని ఎడమ చేత్తోనే పట్టుకున్నాను, అదే దగ్గరగా ఉంది. లిఖిత తుళ్ళిపడి తిరిగింది. నా చెయ్యి చూసింది, సంచి చూసింది, పచ్చ దీపం చూసింది.

"అమ్మా, ఆన్‌లో ఉంది!"

"ఉంది" అన్నాను.

మా ఆయన దిగాడు. రైలు కదిలింది. కుమారి కిటికీ మా ముందు నుంచి వెళ్ళిపోయింది. లిఖిత ఊపిరి బిగబట్టి ఏదో అవుతుందని చూసింది. ఏమీ అవలేదు. అప్పుడు మళ్ళీ ఏడుపు అందుకుంది. నా కోసం కాదు, పిన్ని కోసమే. ఏడవనిచ్చాను. చెయ్యి మాత్రం వదల్లేదు.